మైలేజీకి పెట్టిన జెట్టు

మంచు చూడ్డానికి వెళ్ళి ఫొటోలు దిగి వచ్చినవాళ్ళ ముందు నేను నోరు మెదపను. వాళ్ళు చూసిన మంచు వేరు. నేనెరిగిన మంచు గోళ్ళ సందుల్లోకి దూరేది, స్పానరుకు వేళ్ళు అంటుకుపోయేలా చేసేది, ఎప్పుడూ పెట్రోలు వాసన వేసేది. రెండు చలికాలాలు దానితో కాపురం చేశాను. రెండోది పూర్తి కాకుండానే బయటికి గెంటించుకున్నాను. గెంటినవాళ్ళ తప్పేమీ లేదు. తప్పు నాది, బెజవాడ ఆటోనగర్‌లో నా చేతికి అబ్బిన ఒక అలవాటుది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆటోనగర్‌లో ఎనిమిదేళ్ళు మోపెడ్లు, స్కూటర్లు బాగుచేశాను. అన్నీ టూ స్ట్రోక్ బండ్లే, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవి. ఆ పని బాగా చేసేవాణ్ణి. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు, ఎందుకంటే ఆ తర్వాత చేసిన ఏ పని గురించీ ఇలా చెప్పుకోలేను. పెళ్ళయ్యాక లోకమంతా కంప్యూటర్ల వైపు పరిగెత్తింది. నా భార్య అప్పటికే ప్రోగ్రామరు. తెలివైంది, నిజంగా చదువుకుంది. నేను అమీర్‌పేటలో నాలుగు నెలలు కూర్చుని కోబాల్ నేర్చుకున్నాను. అప్పట్లో అంత చాలు. మీసం మొలిచిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట గిరాకీ ఉండేది. తొంభై తొమ్మిది మొదట్లో ఇద్దరం సిడ్నీలో దిగాం.

ఆ ఏడాదంతా నేను చేసింది ఒకటే పని. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగంకెలు పెట్టడం. రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని యంత్రాలన్నీ ఆగిపోతాయని అందరూ హడలెత్తిపోయారు. ఏమీ జరక్కుండా చూడ్డమే మా ఉద్యోగం. జనవరి ఒకటో తారీఖున నిజంగానే ఏమీ జరగలేదు. ఏమీ జరగనప్పుడు ఇంతమంది ఎందుకన్నారు. మార్చి నాటికి నేను ఇంట్లో ఉన్నాను.

హారిస్ పార్క్‌లో రెండు గదుల యూనిట్ మాది. నా భార్య పొద్దున్నే పారమట్టాలో ఆఫీసుకి వెళ్ళిపోయేది. నేను పప్పు వండి, బట్టలు మడతపెట్టి, కిటికీలోంచి రైళ్ళు చూసేవాణ్ణి. కూరల కొట్టుకి వెళ్తే తెలుగువాళ్ళెవరో ఒకరు తగిలేవాళ్ళు. బాగున్నారా అని కూడా అనకుండా "ఇప్పుడే ప్రాజెక్టులో ఉన్నారు?" అని అడిగేవాళ్ళు. మనిషిని ప్రాజెక్టుతో కొలిచే రోజులవి. నేను వంకాయలు ఏరుతున్నట్టు తల వంచుకునేవాణ్ణి.

మే నెలలో పేపర్లో చిన్న ప్రకటన చూశాను. స్నోవీ కొండల్లో, మంచు కురిసే చోట, చలికాలానికి టూ స్ట్రోక్ మెకానిక్ కావాలి. ఫోన్ చేశాను. అవతల ఒక ముసలాయన గొంతు. నా చదువు అడగలేదు, వీసా అడగలేదు. "ప్లగ్గు చూసి ఇంజిన్ సంగతి చెప్పగలవా?" అన్నాడు. చెప్పగలనన్నాను. "తెల్లగా ఉంటే?" "పెట్రోలు చాలటం లేదు, ఇంజిన్ కాలుతుంది." "నల్లగా ఉంటే?" "పెట్రోలు ఎక్కువైంది." "మరి ఏ రంగుండాలి?" నాకు ఇంగ్లీషులో ఆ రంగు పేరు రాలేదు. "మా ఇంటి టీ రంగు" అన్నాను. ముసలాయన పెద్దగా నవ్వి, జూన్ మొదటివారం రమ్మన్నాడు.

ఆ రాత్రి అన్నాలు తింటుండగా నా భార్యకి చెప్పాను. ఆవిడ కంచంలో చెయ్యి ఆపేసింది. "మెకానిక్కా? మళ్ళీనా?" అంది. పెరుగు వడ్డిస్తూ తనే అంది, "వెళ్ళండి. ఇంట్లో కూర్చుని కూర్చుని మనిషి పాడైపోతున్నారు. కానీ ఎవరికీ చెప్పొద్దు. అడిగితే కాన్‌బెర్రాలో గవర్నమెంట్ ప్రాజెక్టని చెప్తాను."

నేను ఎక్కిన బస్సు కాన్‌బెర్రా మీంచే వెళ్తుంది. కాబట్టి అది సగం నిజమేనని ఇద్దరం సరిపెట్టుకున్నాం.

షెడ్డు కొండ కింది ఊళ్ళో ఉంది. రేకుల కప్పు, సిమెంటు నేల, ఒక మూల కట్టెల పొయ్యి. బాగుచేయాల్సినవి స్నోమొబైళ్ళు. స్కూటర్ ఇంజిన్‌కి బలం పట్టించి, ముందు మంచు మీద జారే రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. రోడ్డు మంచులో మునిగిపోయాక కొండమీది లాడ్జీలవాళ్ళకి అవే కాళ్ళు. సరుకులు, పరుపులు, జబ్బుపడ్డ మనుషులు, అన్నీ వాటి మీదే. మూత తీసి ఇంజిన్ చూడగానే నాకు ఊళ్ళో చుట్టం కనబడ్డంత సంతోషమైంది. కార్బురేటర్లు రెండు, ఆటోనగర్‌లో నేను కళ్ళు మూసుకుని విప్పినవాటికి పెద్దన్నల్లాంటివి.

పనిలోని కిటుకంతా ఎత్తులో ఉంది. కార్బురేటర్ గాలిని, పెట్రోల్ని కలిపి ఇంజిన్‌కి పెడుతుంది. ఆ పెట్రోలు దిగేది ఇత్తడి జెట్టులోని సన్నటి రంధ్రంలోంచి. కొండెక్కేకొద్దీ గాలి పలచబడుతుంది, పెట్రోలు మాత్రం అంతే దిగుతుంది. అప్పుడు ఇంజిన్ పొగ చిమ్ముతూ, జలుబు చేసిన గొంతుతో మూలుగుతుంది. అందుకని ఎత్తులో తిరిగే బండికి సన్న జెట్టు వెయ్యాలి. కానీ చలి ముదిరితే గాలి మళ్ళీ చిక్కబడుతుంది. అప్పుడు లావు జెట్టు కావాలి. ఎత్తు ఒకవైపు లాగుతుంది, చలి ఇంకోవైపు లాగుతుంది. రెంటికీ మధ్య ఆ నంబరేదో పట్టుకోవడమే మెకానిక్ పని.

ముసలాయన నియమాలు రెండే. మొదటిది, బండి ఆ దారిలో ఎంత కిందికి దిగుతుందో, ఎంత చలిలోకి వెళ్తుందో, ఆ చోటుకి సరిపోయే జెట్టు వెయ్యాలి. పైన కాస్త పొగ వేసినా, కాస్త ఎక్కువ తాగినా ఫరవాలేదు. రెండోది, ప్రతి బండి హ్యాండిల్‌కీ ఒక కార్డు వేలాడుతుంది. జెట్టు మారిస్తే దాని నంబరు ఆ కార్డు మీద రాయాలి. రాయకుండా ఎవరూ మార్చకూడదు.

మొదటి చలికాలం నా చేతిలో ఒక్క ఇంజిన్ పాడు కాలేదు. పొద్దున్నే ముసలాయన వెనక కూర్చుని కొండమీదికి వెళ్ళేవాణ్ణి. అక్కడ బండి చివరికంటా రెయిజ్ చేసి, టక్కున ఆపి, ప్లగ్గు విప్పి చూసేవాణ్ణి. చూపించేవాణ్ణి. "నీ టీ రంగే, మేట్" అనేవాడు ఆయన. సిడ్నీలో ఏడాదిన్నరగా ఎవరూ నా పని చూసి ఒక్క మంచి మాట అనలేదు. ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాణ్ణి. సిగ్గులేని ఆకలది.

రెండో ఏడు మే నెలలో ఆయనే ఫోన్ చేశాడు. మోకాళ్ళు అరిగిపోయాయట, ఆపరేషన్ చేయించుకుని సముద్రం పక్కన ఎక్కడో వెచ్చగా బతకాలనుందట. "ఈ సీజన్ నువ్వే నడుపు. అక్టోబరు దాకా ఒక్క ఇంజిన్ కాలకుండా నెట్టుకొస్తే షెడ్డు నీ చేతికిస్తా. వెనక ఇల్లు కూడా" అన్నాడు. ఆ ఇల్లు నేను చూశాను. మూడు గదులు, వంటింటి కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది.

అప్పటికి సిడ్నీలో కంప్యూటర్ ఉద్యోగాల గాలి బుడగ పేలిపోయింది. ఒకప్పుడు ఏ కంపెనీలో చేరాలో తేల్చుకోలేక సతమతమైనవాళ్ళు రెజ్యూమెలు పట్టుకుని తిరుగుతున్నారు. నా భార్య ఆఫీసులో నెలకి ఇద్దరు ముగ్గురు పెట్టె సర్దుకుని పోతున్నారు. షెడ్డు సంగతి చెప్పగానే ఆవిడ లేచి టీవీ కట్టేసింది. తర్వాత అంది, "షాపు మనదైతే నేనే చెప్తానండీ అందరికీ. ఈ అబద్ధాలు మొయ్యలేకపోతున్నాను. ఉద్యోగం మానేసి వచ్చేస్తా. ఆన్‌లైన్‌లో మీ బుకింగ్సూ అవీ నేను చూస్తా. కానీ అది మన చేతికొచ్చేదాకా కాన్‌బెర్రానే."

అదీ పందెం. అక్టోబరు దాకా ఒక్క ఇంజిన్ కాలకూడదు. కాలకపోతే నేను మెకానిక్కునని నా భార్య తలెత్తి చెప్తుంది. నాకు షెడ్డు కంటే ఆ రెండోదే ఎక్కువ కావాలి.

జూలైలో స్కూళ్ళ సెలవులకి హారిస్ పార్క్ నుంచి తెలుగువాళ్ళు బస్సు కట్టించుకుని మంచు చూడ్డానికి వచ్చారు. అద్దె కోట్లు, చెవులదాకా టోపీలు, స్టీలు డబ్బాల్లో పులిహోర. వాళ్ళు నేరుగా మా షెడ్డుకే వస్తారని నేనెలా అనుకుంటాను? తలుపు దగ్గర తెలుగు వినపడింది. "అమ్మలూ, చేతులు జేబులో పెట్టుకో." "ఇట్స్ ఓకే నాన్నా, ఐయామ్ నాట్ కోల్డ్." ఆ వెనకే నాకు బాగా తెలిసిన గొంతు. మా పై అంతస్తులో ఉండే ఇంజనీరు అంకుల్ది. ఆయన సిడ్నీ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. కొత్తగా దిగిన ప్రతివాడికీ ఇల్లు చూపించేదీ, ఎవడెక్కడ పనిచేస్తున్నాడో అందరికీ చెప్పేదీ ఆయనే.

నేను ఒక బండి కింద వెల్లకిలా పడుకుని పట్టా బిగిస్తున్నాను. వినగానే పక్కనున్న టార్పాలిన్ లాగి మీద కప్పుకున్నాను. అవును, కప్పుకున్నాను. రాయడానికి ఇప్పుడు కూడా తల కొట్టేసినట్టుంది. సిమెంటు నేల వీపుని కొరుకుతుంటే, ఊపిరి బిగబట్టి నా వాళ్ళ బూట్లు చూస్తూ పడుకున్నాను.

అంకుల్ ముసలాయన్ని ఇంగ్లీషులో అడిగాడు, "ఇది మైలేజీ ఎంత ఇస్తుంది?"

ముసలాయనకి అర్థం కాలేదు. అంకుల్ ఓపిగ్గా విడమర్చి చెప్పాడు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లని. ముసలాయన పగలబడి నవ్వాడు. "ఇరవై ఏళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషివి నువ్వే" అన్నాడు. వాళ్ళూ నవ్వారు. బస్సు హారన్ కొట్టింది, వెళ్ళిపోయారు. టార్పాలిన్ కింద నేను నవ్వలేదు. నాకా ప్రశ్న వింత కాదు. ఆటోనగర్‌లో బండి తెచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది అదే. బ్రేకు పడకపోయినా ఊరుకుంటారు, మైలేజీ తగ్గితే ఊరుకోరు. అందుకే ఏ బండి వచ్చినా దాని సంగతేదో చూసి, ఆఖర్న అడక్కపోయినా మైలేజీకి పెట్టి పంపేవాళ్ళం. అంటే పెట్రోలు ఒక పిసరు తగ్గించడం. మా ఎండలకి, మా చిన్న ఇంజిన్లకి, మా ముప్ఫై నలభై వేగానికి అది చెల్లిపోయేది. వారం తర్వాత బండివాడు వచ్చి, "అన్నా, ఐదు కిలోమీటర్లు పెరిగిందన్నా" అని టీ ఇప్పించేవాడు.

ఆ నెలాఖర్న ముసలాయన ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరాడు. షెడ్డులో నేనొక్కణ్ణే మిగిలాను.

కొండమీద ఎనిమిది గదుల లాడ్జి ఒకటుండేది. దాన్ని నడిపేది అరవై దాటిన ఒంటరి ఆడమనిషి. వంట, పక్కలు, మంచు తొయ్యడం అన్నీ తనే. తన స్నోమొబైల్ మీద పొద్దున్నే కిందికి దిగి, లోయ దాటి, రోడ్డు మొదలయ్యేచోట సరుకులెత్తుకుని మళ్ళీ ఎక్కేది. ఒకరోజు బెల్టు మార్పించుకోవడానికి బండి తెచ్చింది. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, "ఇది పెట్రోలు మహా తాగుతుందయ్యా. ఆ డబ్బాలు పైకి మోసి మోసి నడుం విరిగిపోతోంది" అంది. నన్ను బాగుచెయ్యమని అడగలేదు. ఊరికే అంది. ముసలాయనైతే దానిది అంత ఆకలేనని చెప్పి పంపేసేవాడు.

నేను పంపలేదు. ఆ మాట వినగానే నా చేతులు ఆటోనగర్‌కి వెళ్ళిపోయాయి. కార్డు మీద రెండువందల యాభై అనుంది. అది ముసలాయన వేసిన జెట్టు, లోయలోని చలికి సరిపోయేది. రెండు కార్బురేటర్లూ విప్పి రెండువందల ముప్ఫై వేశాను. లాడ్జి దగ్గర ఎత్తుకి అది సరిగ్గా సరిపోతుంది. లోయకి సరిపోదు. లోయ సంగతి నాకు తెలుసు. తెల్లారగట్ల చలంతా జారిపోయి దాని అడుగున పేరుకుంటుంది. కొండమీద కన్నా అక్కడే ఎక్కువ గడ్డకడుతుంది. తెలిసే వేశాను. కార్డు మీద రాయలేదు. రాస్తే ముసలాయన వచ్చాక చూస్తాడు.

వారానికి ఆవిడ మళ్ళీ వచ్చింది, చేతిలో యాపిల్ కేకు. "ఏం మంత్రం వేశావు? వారానికో డబ్బా మిగులుతోంది!" అంది. నేను సిగ్గుపడ్డట్టు నవ్వాను. ఆవిడ కేకు ముక్కలు కోస్తుండగా, ఎందుకైనా మంచిదని ఒక ప్లగ్గు విప్పి చూశాను. టీ రంగు లేదు. పాలలో డికాక్షన్ వెయ్యడం మర్చిపోయినంత తెల్లగా ఉంది. ఆ క్షణాన పాత జెట్టు వేసి ఉంటే ఇప్పుడీ రాతే లేదు. పావుగంట పని. కానీ వేస్తే మళ్ళీ తాగుతుంది, ఆవిడ మళ్ళీ వచ్చి ఏమైందని అడుగుతుంది. ఇంకొంచెం చలి ముదిరితే మారుద్దాంలే అనుకుని ప్లగ్గు బిగించేశాను. కేకు చాలా బాగుంది. రెండు ముక్కలు తిన్నాను.

ఆగస్టులో ఒక శనివారం ఆకాశం మబ్బు లేకుండా విచ్చుకుంది. అలాంటి పొద్దుల్లోనే లోయ బాగా గడ్డకడుతుంది. ఆవిడ ఎప్పట్లాగే దిగింది. దిగినంతసేపూ ఇంజిన్‌కి పెద్ద పని లేదు. లోయ అడుగున చదును తగలగానే వేగం పెంచింది. చదును సగం కూడా దాటకముందే పిస్టన్ కాలి, ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పట్టా ఆగిపోయింది. ఆవిడ హ్యాండిల్ మీంచి ఎగిరి గట్టి మంచు మీద పడింది. మణికట్టు, భుజం ఎముక విరిగాయి. ఆ దారినే వచ్చిన స్కీ గస్తీవాళ్ళు చూసి ఎత్తుకెళ్ళారు. వాళ్ళు రాకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించను. ఆలోచించనని అంటాను గానీ, ఆలోచిస్తాను.

లాడ్జి ఆ ఏడాదికి మూతపడింది. బండి లాక్కొచ్చి షెడ్డులో పడేశారు. ముసలాయన రెండు కర్రల మీద కుంటుకుంటూ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. స్టూలు మీద కూర్చుని తనే ఇంజిన్ విప్పాడు. పిస్టన్ నెత్తిన వేలు దూరేంత కన్నం. దాన్ని బల్ల మీద పెట్టాడు. కార్బురేటర్ విప్పి జెట్టు బయటికి తీశాడు, గుడ్డతో తుడిచాడు, కళ్ళజోడు సర్దుకుని నంబరు చదివాడు. తర్వాత కార్డు చదివాడు. మళ్ళీ జెట్టు చదివాడు.

"ఎవరు?" అన్నాడు.

"నేనే."

"ఎందుకు?"

"ఆవిడకి పెట్రోలు ఆదా అవుతుందని" అన్నాను. ఆ మాట అంటుంటేనే నా చెవులకి అది ఎంత పిచ్చిగా ఉందో తెలిసింది. "మా దేశంలో అలా పెడతాం. మైలేజీ కోసం."

ఆయనకి బస్సులో వచ్చినవాళ్ళు గుర్తొచ్చారనుకుంటాను. ఈసారి నవ్వలేదు. "ఇంజిన్‌కి పెట్రోలు తిండే కాదు, చల్లటి నీళ్ళు కూడా. అందులోని ఆయిలే దానికి ప్రాణం. అది నీకు తెలియదా?" అన్నాడు.

"తెలుసు."

"తెలియకపోతే నేర్పేవాణ్ణి, మేట్. తెలిసి చేశావు. చేసి రాయలేదు." కర్రలు అందుకుని లేచాడు. "సాయంత్రం బస్సుంది. అది ఎక్కు."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన తిట్టలేదు. జీతం కవరు బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. వంటింటి కిటికీ తెర లాగడం కనపడింది. ఆ కిటికీ దగ్గర నా భార్య నిలబడి ఉంటుందని ఎన్నిసార్లు ఊహించుకున్నానో ఆయనకేం తెలుసు!

బస్సుకి గంట టైముంది. పోస్టాఫీసు పక్క బూత్‌లోంచి ఇంటికి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే నా భార్య మొదలుపెట్టింది.

"ఇవాళ చెప్పేశానండీ!" అంది. "పైన ఆంటీ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం కదా. అందరూ ఉన్నారు. ఎవరో అడిగారు, మీ ఆయన కాన్‌బెర్రా ప్రాజెక్టు ఇంకా నడుస్తోందా అని. నాకేమైందో ఏమో, ఇంక చాలనిపించింది. ప్రాజెక్టూ లేదు గిజెక్టూ లేదు, మా ఆయన మెకానిక్కు, కొండల్లో స్నోమొబైల్స్ చేస్తారు, అక్కడ ఆయనంత చెయ్యి తిరిగినవాడు లేడు, అక్టోబర్లో షాపు మాదే అని గడగడా చెప్పేశా. తర్వాత ఆంటీ ఇంకో రెండు చెంచాలు ప్రసాదం వేసింది! వింటున్నారా? అక్టోబర్ దాకా ఆగుదామనుకున్నా, నావల్ల కాలేదండీ."

"మంచిది" అన్నాను. చిల్లర అయిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. జేబునిండా చిల్లర ఉంది.

ఇంటికి వచ్చాక సంచీ కింద పెట్టకుండానే మొత్తం చెప్పాను. జెట్టు, కార్డు, తెల్లబడ్డ ప్లగ్గు, కేకు, అన్నీ. ఆవిడ గోడకి ఆనుకుని విన్నది. నేను అరుపులకి సిద్ధపడ్డాను. ఆవిడ మొదట అడిగింది ఒకటే, "ఆ లాడ్జి ఆవిడకి ఎలా ఉంది?" బాగవుతుందన్నారని చెప్పాను. పూలు పంపిద్దామంది, పంపింది. కాసేపయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంది. "తప్పు చేశారు. పెద్ద తప్పే. కానీ చెయ్యి ఎక్కడికీ పోలేదుగా. ఇక్కడ గడ్డి కోసే మిషన్లూ, మోటర్‌బైకులూ లేవా? పెట్టుకుందాం మనమే ఒకటి. ఎలాగూ అందరికీ చెప్పేశాను, ఇంక దాచడానికేముంది?" అంది. అంత మంచితనం నేను తట్టుకోలేకపోయాను. తిట్టని ముసలాయన మీద వచ్చినంత కోపం ఆవిడ మీదా వచ్చింది. ఎందుకొచ్చిందో ఆరోజు తెలియలేదు.

నాలుగైదు రోజులకి ఇద్దరం కూరల కొట్టుకి వెళ్ళాం. సాయంత్రం, కొట్టు నిండా మన జనం. బియ్యం బస్తాల దగ్గర పై అంతస్తు అంకుల్ ఎదురయ్యాడు. నన్ను చూడగానే మొహం విప్పార్చుకుని రెండు చేతులూ చాచాడు.

"ఏమయ్యా మెకానిక్ గారూ! ఇంత విద్య పెట్టుకుని మాకు చెప్పవేం? మేమూ వచ్చాం జూలైలో అక్కడికి. షాపు ఎప్పుడు ఓపెన్ చేస్తున్నావ్? మీ ఆవిడ ఎంత గొప్పగా చెప్పిందనుకున్నావ్!"

ఆయన మాటలో వెటకారం లేదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, ఒక్క పిసరైనా దొరుకుతుందేమోనని. లేదు. నిజంగానే సంతోషించాడాయన. కానీ చుట్టూ తలలు తిరిగాయి. నాకు పిస్టన్‌లో కన్నం, టార్పాలిన్ కింద నుంచి చూసిన ఈయన బూట్లు కనిపించాయి. షాపు పోయిందని చెప్పాలి. ఎలా పోయిందో చెప్పాలి. ముసలాయన ముందు 'నేనే' అని ఒక్క మాటలో ఒప్పుకున్న నోరు ఇక్కడ పెగల్లేదు.

"అబ్బే, మెకానిక్కేంటి అంకుల్!" అని నవ్వాను. "కాన్‌బెర్రాలో టెస్టింగ్ ప్రాజెక్టు. మొన్ననే ఫినిష్ అయింది. తను ఊరికే జోక్ చేసుంటుంది, మీరు నమ్మేశారా?"

అంకుల్ తికమకగా నా భార్య వైపు తిరిగాడు. "ఏమ్మా, వ్రతంలో కూర్చుని జోకులా? అంతమందిమి నమ్మేశామే!"

ఆవిడ చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. దాన్నోసారి చూసుకుంది, నన్నోసారి చూసింది. "అవునంకుల్. జోకే" అంది.

పక్కనెవరో నవ్వారు. అంకుల్ కూడా నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ సామాన్లన్నీ రెండు సంచుల్లో సర్దుకుంది. ఒకటి పట్టుకోబోతే ఇవ్వలేదు. స్టేషను దాటి ఇంటిదాకా రెండూ తనే మోసింది.

తర్వాత నాకు టెస్టింగ్‌లో నిజంగానే ఉద్యోగం దొరికింది. ఇల్లు కొన్నాం, మనుషులు ఇంటికి వస్తారు, పోతారు. ఆవిడ అందరితో బాగా మాట్లాడుతుంది, నాతో కూడా. కానీ ఎవరైనా కొత్తవాళ్ళు "మీ ఆయన ఏం చేస్తారండీ?" అని అడిగితే మాత్రం, నేను ఆ గదిలో ఉన్నా లేకపోయినా, ఒకటే జవాబు చెప్తుంది.

"ఆయన్నే అడగండి."